తెల్లకాగితం మీద కారు

కరీంనగర్, ఆదిలాబాద్ సీమల్లో భూమి చరిత్ర చెప్పుకోవాలంటే సాదాబైనామాను తలచుకోక తప్పదు. తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు, ఇద్దరు సాక్షులు, ఒక వేలిముద్ర: అంతటితో పొలం చేతులు మారేది. అలా కొన్న భూములను క్రమబద్ధీకరించడానికి తెలంగాణ ప్రభుత్వం 2016లో ఒకసారి, 2020లో మరొకసారి దరఖాస్తులు పిలవవలసి వచ్చిందంటే, ఆ అలవాటు ఎంత లోతుకు దిగిందో ఊహించుకోవచ్చు. పాత కారు అమ్మకం కూడా ఈ నేల మీద దాదాపు ఇదే దారిన నడిచిందని నా అభిప్రాయం. తేడా ఒక్కటే. భూమి విషయంలో చిక్కుల్లో పడేది కొన్నవాడు; కారు విషయంలో అమ్మినవాడు.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కేదాకా ఉన్నవల్లా అంబాసిడర్, ఫియట్, మరొకటీ అరా. కొత్త బండికి డబ్బు కట్టి ఏళ్ళతరబడి ఎదురుచూసే రోజులవి. అందుచేత వాడిన కారు కొత్తదాని ధరను మించి పలకడం వింతగా తోచేది కాదు. తరువాత గోదావరిఖని, మంచిర్యాల, కాగజ్‌నగర్ వంటి జీతగాళ్ళ పట్టణాల్లోనూ, గల్ఫ్ సొమ్ము దిగిన జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లోనూ కార్లు పెరిగాయి. బయానా ఇచ్చి, తాళంచెవి పుచ్చుకొని, "కాగితాలు తరువాత చూసుకుందాం లెండి" అనుకోవడమూ పెరిగింది. అమ్మినవాడు దుబాయి విమానం ఎక్కితే ఆ "తరువాత" ఎప్పటికి వచ్చేను?

ఇందులో చట్టం పాత్ర ఆసక్తికరం. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం కారు కూడా సరుకే. ఇరుపక్షాలు తలచినప్పుడే దాని హక్కు మారిపోతుంది. 1939 మోటారు వాహనాల చట్టం, పేరు మార్పును తెలియజేయమని 31వ సెక్షనులో చెప్పింది గాని, రిజిస్టరులో పేరున్నవాడే యజమాని అని నిర్వచించలేదు. ఆ మాట 1988 చట్టంలో, రెండవ సెక్షను ముప్పయ్యవ ఉపవిభాగంలో చేరి, 1989 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. చూడడానికి చిన్న సవరణ. నిజానికి తెల్లకాగితపు అమ్మకానికి అప్పుడే కాలం చెల్లింది. జనం అలవాటు మాత్రం మారలేదు.

దాని ఫలితమేమిటో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న ఇచ్చిన నవీన్ కుమార్ తీర్పు తేటతెల్లం చేసింది. అది ఉత్తరాది వ్యాజ్యమే అయినా కథ మన వీధిలోనిదే. ఒకాయన 2007లో కారు అమ్మాడు. అది 2008లో మరొకరికి, ఆపైన ఇంకొకరికి చేరింది. 2009లో ఆ కారు కింద పడి ఒక బాలుడు మరణించాడు. రిజిస్టరులో పేరు మొదటి ఆయనదే. పరిహారపు బాధ్యత ఆయనదేనని న్యాయస్థానం తేల్చింది. బాధితుల కుటుంబం చేతులు మారిన వరుసంతా వెదుక్కుంటూ తిరగడం న్యాయం కాదన్నది అందులోని తర్కం. అమ్మినవాడి మీద జాలి కలిగినా ఆ తర్కాన్ని కాదనలేను.

చట్టం అడిగేది మరీ పెద్ద పని కూడా కాదు. 29వ ఫారం అమ్మినవాడి నివేదన. 30వది ఇద్దరి సంతకాలతో కూడిన దరఖాస్తు. రాష్ట్రం లోపలైతే అమ్మినవాడికి 14 రోజులు, కొన్నవాడికి 30 రోజులు గడువు. అప్పు మీద కొన్న బండికి బ్యాంకు ఇచ్చే 35వ ఫారం కావాలి. ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి దళారి చేతిలో పెట్టడమే అసలు ప్రమాదం. ఆ ఫారాలు ఏ సొరుగులో నిద్రపోతాయో ఎవరికెరుక? చలానాలు మాత్రం పాత యజమాని పేరుకే వస్తాయి.

ఆదిలాబాదుకు మరొక మెలిక ఉంది. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. అక్కడివారికి అమ్మితే నిరభ్యంతర పత్రం కావాలి, గడువు 45 రోజులు; జీవితకాల పన్ను ఆ రాష్ట్రంలో మళ్ళీ కట్టుకోవాలి. ఏరు చిన్నది, కాగితాల కట్ట పెద్దది.

ఇక నంబరు పలకల ముచ్చట. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ 1 ఆదిలాబాదుది, ఏపీ 15 కరీంనగరుది. 2014 జూన్‌లో కొత్త బండ్లకు అవి టీఎస్ 01, టీఎస్ 02 అయ్యాయి. 2016 అక్టోబరులో జిల్లాలు చీలాక నిర్మల్‌కు 18, మంచిర్యాలకు 19, జగిత్యాలకు 21, పెద్దపల్లికి 22 వచ్చాయి. 2024 మార్చి నుండి టీఎస్ స్థానంలో టీజీ. పాత పలకలు పాతవిగానే తిరుగుతున్నాయి. ఏపీ 15 బండిని నేడు మంచిర్యాల మనిషి కొంటే, తన పేరు మార్పుకు వెళ్ళవలసింది కరీంనగరుకు కాదు, తాను నివసించే చోటి రవాణా కార్యాలయానికే.