సైన్స్–సమాజం కోర్సులు: ఎక్కడ పుట్టాయి, ఎవర్ని మరిచాయి

పోస్టు కొంచెం పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మన సీనియర్లలో చాలామంది డిగ్రీలో "సైన్స్ అండ్ సివిలైజేషన్" అనే ఫౌండేషన్ పేపరు రాసే ఉంటారు. పరీక్షకి ముందు రాత్రి గైడు తిరగేసి, పొద్దున రాసేసి, సాయంత్రానికి మర్చిపోయే పేపరు. ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ పరిస్థితీ అంతే. అది 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల మన దాకా వచ్చిందని కూడా మనకెవరూ చెప్పలేదు. బీఎస్సీ వాడికేమో ఇది సైన్స్ కాదు, బీఏ వాడికేమో ఇది తన సబ్జెక్టు కాదు. నేనూ అలాగే చదివాను. తర్వాత ఇలాంటి కోర్సులు అసలు ఎందుకు మొదలయ్యాయో వెతికితే, కథ తిరిగి తిరిగి ఆదివాసీల దగ్గరికే వచ్చింది. అందుకే ఈ పోస్టు.

బయట దేశాల్లో వీటిని "సైన్స్, టెక్నాలజీ అండ్ సొసైటీ" అంటారు, పొట్టిగా ఎస్.టి.ఎస్. ఇవి పుట్టింది 1960ల్లో. హిరోషిమా చూసిన తరం ప్రొఫెసర్లయింది. 1962లో రేచల్ కార్సన్ పురుగుమందుల మీద పుస్తకం రాసింది. వియత్నాం అడవుల మీద అమెరికా విమానాలు ఏజెంట్ ఆరెంజ్ చల్లుతున్నాయి, ఆ అడవుల్లో ఉన్నదీ కొండజాతుల వాళ్లే. ఇంత జరుగుతుంటే ల్యాబులో కూర్చున్నవాడికి బాధ్యత లేదా అనే ప్రశ్న వచ్చింది. స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో యూనివర్సిటీ సైన్స్ స్టడీస్ యూనిట్ పెట్టింది. 1966లో దాని డైరెక్టర్‌గా వచ్చిన డేవిడ్ ఎడ్జ్ రేడియో ఖగోళశాస్త్రం చదివి బీబీసీలో పనిచేసినవాడు. సైన్స్ విద్యార్థులకి సమాజం గురించి చెప్పడమే ఆ యూనిట్‌కి మొదట అప్పజెప్పిన పని. అమెరికాలో 1969 మార్చి 4న ఎం.ఐ.టి.లో విద్యార్థులు, పరిశోధకులు ఒకరోజు పరిశోధన ఆపేసి, మా సైన్స్ యుద్ధానికి ఎందుకు పోతోంది అని చర్చ పెట్టారు. అదే ఏడాది కార్నెల్ యూనివర్సిటీ ఎస్.టి.ఎస్. ప్రోగ్రాం మొదలుపెట్టింది. నేను ఆగాలనుకుంటున్నది ఈ కార్నెల్ దగ్గరే.

కార్నెల్ ఉన్నది న్యూయార్క్ రాష్ట్రంలో ఇతాకా అనే ఊళ్లో. ఊరి పక్కన కయూగా అనే పొడవాటి సరస్సు. 1967లో ఒక కరెంటు కంపెనీ ఆ సరస్సు ఒడ్డున అణు విద్యుత్ కేంద్రం కడతామంది. అడుగున ఉండే చల్లటి నీళ్లు లాగి, యంత్రాలు చల్లబరిచి, వేడి నీళ్లు తిరిగి సరస్సులోకి వదలాలి, అదీ ప్లాను. దీనివల్ల నాచు పెరుగుతుంది, చేపలకి ముప్పు అని కార్నెల్‌లో చేపల మీద పనిచేసే శాస్త్రవేత్తలు లేచారు. ఊరి జనం కమిటీ కట్టారు. 1969లో కంపెనీ పని వాయిదా వేసుకుంది.

డొరొతీ నెల్కిన్ అనే ఆవిడ ఈ గొడవ మీద 1971లో పుస్తకం రాసింది. ఆవిడకి పీహెచ్‌డీ లేదు, ఫిలాసఫీలో బీఏ మాత్రమే. అంతకుముందు పొలాల్లో పనికి వచ్చే వలస కూలీల మీద పనిచేసింది. ఆవిడ గమనించింది చాలా మామూలు సంగతి, కానీ అప్పటికి ఎవరూ పాఠంగా చెప్పనిది: గొడవలో రెండు వైపులా శాస్త్రవేత్తలే ఉన్నారు. కంపెనీ డబ్బుతో సరస్సు మీద పరిశోధన చేసినవాళ్లూ కార్నెల్ వాళ్లే, వద్దన్నవాళ్లూ కార్నెల్ వాళ్లే. లెక్కలు ఎన్ని వచ్చినా తగాదా తగ్గలేదు, ఎందుకంటే తగాదా లెక్క గురించి కాదు, ఎవరు నిర్ణయించాలి అన్నదాని గురించి. ఎస్.టి.ఎస్. క్లాసుల్లో ఇప్పటికీ చెప్పే మూల పాఠం దాదాపు ఇదే. ప్రాజెక్టు పేరు మీద గ్రామసభ పెట్టి, ఇంగ్లీషు రిపోర్టు చూపించి సంతకాలు పెట్టమనే చోట పుట్టినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

అయితే ఈ కథలో ఒక ఖాళీ ఉంది. "కయూగా" అన్నది ఒక జాతి పేరు. ఇరోక్వా సమాఖ్యలో కయూగా వాళ్లు ఒక జాతి, ఆ సరస్సు చుట్టూ ఉన్న నేల వాళ్లది. 1779లో అమెరికా సైన్యం జనరల్ సల్లివన్ కింద వచ్చి వాళ్ల ఊళ్లు, మొక్కజొన్న చేలు, పండ్లతోటలు తగలబెట్టింది. తర్వాత పదేళ్లకి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం పేరుతో మిగిలిన భూమిలో చాలామటుకు రాయించుకుంది.

యూనివర్సిటీ డబ్బు కథ ఇంకా దూరం పోతుంది. 1862లో మొరిల్ చట్టం వచ్చింది. కాలేజీలు పెట్టుకోడానికి రాష్ట్రాలకి కేంద్రం భూమి ఇచ్చింది. ఆ భూమి ఎక్కడిది? పడమట ఆదివాసీ జాతుల దగ్గర ఒప్పందాల పేరుతోనూ, బలవంతంగానూ తీసుకున్నది. న్యూయార్క్ వంతు సుమారు 9.9 లక్షల ఎకరాలు, అన్ని రాష్ట్రాల్లోకీ పెద్దది. అది కార్నెల్‌కి వచ్చింది. ఎజ్రా కార్నెల్ అందులో దాదాపు 5 లక్షల ఎకరాలు విస్కాన్సిన్ పైన్ అడవుల్లో ఎంచుకున్నాడు. అవి ఒజిబ్వే వాళ్ల అడవులు. కలప మీద, భూమి మీద వచ్చిన డబ్బు యూనివర్సిటీ మూలధనంలో కలిసింది. 2020లో హై కంట్రీ న్యూస్ అనే పత్రిక ఇలాంటి భూముల లెక్క దేశం మొత్తానికి తీసి ప్రచురించాకే ఇది చాలామందికి తెలిసింది. (మూడెకరాల పోడు పట్టాకి మనోళ్లు ఎన్నేళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారో గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.)

అంటే సైన్స్ నిర్ణయాల భారం ఎవరు మోస్తున్నారు అని అడిగే కోర్సు ఆ నేల మీదే మొదలైంది. కానీ తను కూర్చున్న నేల గురించి, సరస్సు పేరు గురించి ఆ తొలి రోజుల్లో అడగలేదు. నెల్కిన్‌ని తప్పుపట్టడానికి చెప్పట్లేదు, ఆవిడ చేసింది గట్టి పని. క్లాసులో ఎవరు కూర్చుంటే ఆ ప్రశ్నలే వస్తాయి, అంతే.

ఈ మాట గాల్లో అనట్లేదు. 2003లో ఏం జరిగిందో చూడండి.

అరిజోనాలో గ్రాండ్ కాన్యన్ లోయ అడుగున హవాసుపాయ్ అనే చిన్న జాతి ఉంది, మొత్తం కలిపి కొన్ని వందల మంది. ఆ ఊరికి రోడ్డు లేదు. నడిచి పోవాలి, లేదా గుర్రం, కంచరగాడిద, హెలికాప్టర్. ఉత్తరాలు కూడా కంచరగాడిదల మీదే దిగుతాయి. వాళ్లలో షుగర్ జబ్బు ఎక్కువ. 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు షుగర్ ఎందుకొస్తుందో చూస్తామని చెప్పి 200 మందికి పైగా రక్తం తీసుకున్నారు. కాగితం మీద మాత్రం ఇంకా విశాలంగా రాసి ఉంది. ఆ రక్తాన్ని తర్వాత స్కిజోఫ్రీనియా మీద, దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల మీద, జాతి ఎక్కడి నుంచి వలస వచ్చిందన్న దాని మీద వాడుకున్నారు. తమ పుట్టుక ఆ లోయలోనే అని వాళ్ల నమ్మకం. వాళ్ల రక్తంతోనే, మీరు ఆసియా నుంచి వచ్చారు అని పేపర్లు రాసుకున్నారు.

ఇది బయటపడింది ఏ ఎథిక్స్ కమిటీ వల్లా కాదు. ఆ జాతిలో కాలేజీ దాకా వచ్చిన అతికొద్దిమందిలో ఒకరైన కార్లెట్టా టిలూసీ, ఆ యూనివర్సిటీలో ఒక పీహెచ్‌డీ ప్రెజెంటేషన్‌కి వెళ్లి కూర్చుంది. తెర మీద తన వాళ్ల రక్తం. ప్రశ్నలు అడగమన్నప్పుడు లేచి, దీనికి మా వాళ్ల అనుమతి తీసుకున్నారా అని అడిగింది. జాతి పెద్దలు ఆ యూనివర్సిటీ వాళ్లని తమ నేల మీద అడుగు పెట్టొద్దన్నారు. 2004లో కేసు వేశారు. 2010 ఏప్రిల్‌లో రాజీ కుదిరింది: 41 మందికి 7 లక్షల డాలర్లు, మిగిలిన రక్తం వాపసు. ఫ్రీజర్ దగ్గరికి వెళ్లి, పాట పాడి, ఏడ్చి తెచ్చుకున్నారు. ఇప్పుడు అక్కడి బయోఎథిక్స్ పాఠాల్లో ఈ కేసు తప్పకుండా కనిపిస్తుంది.

సరిగ్గా అదే 2010 ఏప్రిల్‌లో మన దగ్గర ఇంకోటి ఆగింది. ఈ గ్రూపులో భద్రాచలం వైపు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్.పి.వి. టీకా మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి. గుజరాత్‌లో వడోదర జిల్లాలోనూ ఇదే నడిచింది. దీన్ని ప్రయోగం అనలేదు, "డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు" అన్నారు. టీకా వేసుకున్నవాళ్లలో రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు చనిపోయారు. మహిళా సంఘాలు గొడవ చేశాక కేంద్రం పని ఆపించి విచారణ వేసింది. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. అదే టీకా ఇవాళ చాలా దేశాల్లో మామూలుగా వేస్తున్నారు, మన చెల్లెళ్లకి వద్దని ఈ పోస్టు చెప్పట్లేదు, దయచేసి అలా ఫార్వర్డ్ చేయకండి.

నా బాధ కాగితం గురించి. విచారణలో మన రాష్ట్రానికి చెందిన 9,543 కన్సెంట్ ఫారాలు చూశారు. 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. ఆశ్రమ పాఠశాలలో చదివినవాళ్లకి వేరే వివరం అక్కర్లేదు: అమ్మానాన్న ఊళ్లో, పిల్ల హాస్టల్లో, సంతకం సార్‌ది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్టాండింగ్ కమిటీ దీన్ని చాలా ఘాటుగా తప్పుపట్టింది.

నా డిగ్రీ పేపర్లో భోపాల్ ఉంది, చిప్కో ఉంది. ఖమ్మం లేదు.

అప్పటి ఆ పిల్లలకి ఇప్పుడు 26 నుంచి 31 ఏళ్లు ఉంటాయి. ఈ గ్రూపులో ఉన్న అక్కాచెల్లెళ్లు కొందరు ఆ ఏడాది ఆ హాస్టళ్లలోనే ఉండి ఉంటారు. మీకేం చెప్పారు, ఇంటికి కబురు పెట్టారా, ఎన్ని డోసులు వేశారు, గుర్తున్నంత వరకు ముందు ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి. కామెంట్లో పేర్లు పెట్టొద్దు. కార్డు ఏదైనా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉంటే పారేయకండి.