ఎడారి ఇంటి నీడ: అది ఎవరి హక్కు?

 



ఎండలు ముదిరాయి. జుమా నమాజుకు ఆలస్యంగా వచ్చినవారు ఆవరణలో ఏ మూల కాస్త నీడ ఉందా అని వెతుక్కుంటున్నారు. ముందుగా వచ్చినవారు కొంచెం జరిగితే మరొక మనిషికి చోటు దొరుకుతుంది. కొందరు జరుగుతారు, కొందరు జరగరు. అందుచేత ఈ వారం నీడను గురించే నాలుగు మాటలు చెప్పదలిచాము. ఇది చిన్న విషయమని భావించరాదు. దివ్యఖుర్ఆన్ నహ్ల్ సూరా 81వ ఆయతులో అల్లాహ్ తన అనుగ్రహాలను ఎంచుతూ, తాను సృష్టించిన వాటి ద్వారా మానవులకు నీడలు ఏర్పరచిన సంగతిని ప్రత్యేకంగా గుర్తు చేశాడు. ఆ మాట విలువ మొదట తెలిసినది ఎడారివాసులకే. వారు తమ ఇళ్లకు నీడను ఎలా కట్టుకున్నారో, ఆ నీడకు మన ప్రవక్త (స) ఏ హద్దులు నియమించారో చరిత్రలో చూద్దాము.

మదీనాలో మొదటి పందిరి

క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మదీనా చేరిన వెంటనే మసీదు నిర్మాణం మొదలైంది. రాతి పునాది, పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మొద్దుల స్తంభాలు, పైన ఖర్జూరపు మట్టల కప్పు: ఇంతే ఆ కట్టడం. ప్రవక్త (స) స్వయంగా ఇటుకలు మోశారు. మట్టి కలపడంలో నేర్పు గలిగిన తల్క్ బిన్ అలీ (రజి) అనే వ్యక్తి యమామా ప్రాంతం నుండి రాగా, ఆ పనిని అతనికే వదలండని ఆదేశించినట్లు ఉల్లేఖనం ఉంది. పనివాని నైపుణ్యానికి మన ధర్మం ఇచ్చిన గౌరవం అది.

మొదట ఆ ఆవరణకు కప్పు లేదని, సహాబాలు ఎండకు తాళలేక మొరపెట్టుకున్న పిదప పందిరి వేశారని చరిత్రకారులు వ్రాశారు. గోడలు ఉండగా పందిరి ఎందుకు? మదీనా కర్కటరేఖకు రమారమి ఒక్క డిగ్రీ ఉత్తరాన ఉంది. నడివేసవిలో మధ్యాహ్న సూర్యుడు దాదాపు నడినెత్తిన నిలుస్తాడు. అప్పుడు ఎంత ఎత్తయిన గోడ నీడ అయినా గోడ మొదట్లోనే ఆగిపోతుంది, మనిషికి అందదు. తలపైన కప్పు ఉంటేనే నీడ. ఆ కప్పు మట్టలతో అల్లినదైతే ఎండను ఆపుతుంది, గాలిని మాత్రం ఆపదు. ఇటువంటి పందిరినే అరబ్బులు అరీష్ అంటారు. మన పల్లెలలో తాటాకులతో వేసే చలువ పందిరికి అది తోబుట్టువు.

ఆ కప్పు వానకు కారేది. రమజాను 21వ రాత్రి కురిసిన వానకు నేల బురదయి, ఆ నీటిలో, ఆ మట్టిలో ప్రవక్త (స) సజ్దా చేసిన సంగతి అబూ సయీద్ ఖుద్రీ (రజి) తెలిపారు. కప్పును మట్టితో గట్టిగా మెత్తుదామని సహాబాలు కోరగా, మూసా (అలై) పందిరి వంటి పందిరి చాలునని ప్రవక్త (స) అన్నట్లు చెబుతారు.

ఆ పందిరి కింద ఎవరున్నారో గమనించండి. తొలినాళ్లలో ఖిబ్లా బైతుల్ మఖ్దిస్ వైపు ఉండేది కనుక కప్పు ఉత్తర దిక్కున ఉండేది. క్రీ.శ. 624లో ఖిబ్లా కాబా వైపుకు మారిన తరువాత ఉత్తరపు నీడ మసీదు వెనుక భాగమైంది. ప్రవక్త (స) ఆ చోటును ఇల్లూ వాకిలీ లేని పేద ముహాజిర్లకు అప్పగించారు. అదే సుఫ్ఫా. తాను చూసిన 70 మంది సుఫ్ఫావాసులలో ఒక్కరికీ పైవస్త్రం లేదని అబూ హురైరా (రజి) చెప్పారు. వారూ ఆ నీడలో బ్రతికినవారే. హదీసు విద్యలో అగ్రగణ్యుడు పెరిగిన బడి నాలుగు ఖర్జూరపు మొద్దుల మీద నిలిచిన ఒక పంచ అన్నమాట.

పొరుగువాని దూలం, మేడకు పిట్టగోడ

ఎడారి పట్టణంలో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉండేవి. మందమైన మట్టిగోడ పగటి వేడిని తనలో దాచుకొని రాత్రి మెల్లగా విడుస్తుంది. అందువలన పగలు లోపల చల్లగా ఉన్నా, రాత్రి ఉక్క పోస్తుంది. ప్రజలు పగలు కింద, రాత్రి మేడ మీద గడిపేవారు. ఈ జీవన విధానం నుండి రెండు చిక్కులు పుట్టాయి. ప్రవక్త (స) రెంటికీ దారి చూపారు.

మొదటిది: ఒక ఇంటి కప్పుకు దూలం నిలపాలంటే పొరుగువాని గోడలో రంధ్రం చేయవలసి వచ్చేది. పొరుగువాడు తన గోడలో దూలం పెట్టుకోబోతే అడ్డుకోవద్దని ప్రవక్త (స) ఆజ్ఞాపించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. నా గోడ నాదే, అయినా దాని బలంలో నీ పందిరికి వాటా ఉంది అన్నది దాని సారం. ఈనాడు ప్రహరీగోడ మీద జానెడు జాగా కొరకు కోర్టుల చుట్టూ తిరిగే అన్నదమ్ములు మన జమాతులలో లేరా? ఆ గోడకు ఇరువైపులా ఒకే కలిమా చదివేవారు నివసిస్తున్నారు.

రెండవది: అడ్డుగోడ లేని మేడ మీద నిద్రించే వ్యక్తి నుండి రక్షణ బాధ్యత తొలగిపోతుందని హెచ్చరించారు. పిట్టగోడ నిద్రలో పొర్లేవానిని కాపాడుతుంది, పొరుగింటి ఆడవారి మర్యాదనూ కాపాడుతుంది. కనుక ఎడారి ఇంటికి కంచె అంటే ఇతరులను వెళ్లగొట్టేది కాదు. ప్రాణానికీ మానానికీ అడ్డుగా నిలిచేది.

ఇంకొక హద్దు కూడా ఉంది. ప్రజలు విశ్రమించే నీడలో మలవిసర్జన చేయడం శాపానికి గురిచేసే పని అన్నారు ప్రవక్త (స). దారినీ నీడనూ ఒకే హదీసులో చేర్చి చెప్పారు. అంటే బాట మీద బాటసారికి ఎంత హక్కు ఉందో, చెట్టు నీడ మీద అలసినవానికి అంతే హక్కు ఉంది.

మినాలో కట్టని నీడ

హజ్ యాత్రలో మినా మైదానం చేరినప్పుడు, మీ కొరకు ఇక్కడ నీడనిచ్చే ఒక కట్టడం నిర్మించమంటారా అని ప్రవక్త (స) వారిని అడిగారు. అడిగినవారు ప్రేమతోనే అడిగారు. ఆయన వద్దన్నారు. మినా ముందుగా చేరుకున్నవారి విడిది అని బదులిచ్చారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం.

సోదరులారా, నీడకు ఎంతో విలువనిచ్చిన ప్రవక్త (స) తన కొరకు నీడ ఎందుకు వద్దన్నారు? అది అందరి నేల. అక్కడ ఒకరి కొరకు శాశ్వతమైన కప్పు లేస్తే, ఆ మేర మరొకరి చోటు పోతుంది. అల్లాహ్ మార్గంలో గుడారపు నీడ కల్పించడం శ్రేష్ఠమైన దానమని మరొక సందర్భంలో ఆయనే చెప్పారు. రెండింటినీ కలిపి చూస్తే సూత్రం స్పష్టమవుతుంది: పంచిన నీడ దానం, ఆక్రమించిన నీడ అన్యాయం.

మట్టల నుండి టేకు దాకా

హజ్రత్ అబూబక్ర్ (రజి) మసీదును ఉన్నది ఉన్నట్లే ఉంచారు. హజ్రత్ ఉమర్ (రజి) విస్తరించారు గాని అవే ఇటుకలు, అవే మట్టలు, అవే మొద్దులు వాడారు. ప్రజలు వానకు తడవకుండా కప్పు వేయి, ఎరుపు పసుపు రంగులు పూసి వారి మనసు చెదరగొట్టకు అని పనివానికి చెప్పారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో గోడలకు చెక్కిన రాయి, సున్నం, కప్పుకు సాజ్ కలప వచ్చాయి. సాజ్ అంటే మన టేకు. అది అరేబియాలో పెరిగే చెట్టు కాదు, సముద్రం దాటి రావలసిన కలప. తరువాతి శతాబ్దాలలో జిద్దా పాతపట్టణపు మేడలకు అమర్చిన చెక్క జాలీ గవాక్షాలకు కూడా భారతదేశం నుండి, జావా నుండి టేకు వెళ్లింది. ఎడారి నీడకూ మన అడవులకూ బంధం పాతదే.

గల్ఫ్ తీరంలో మాత్రం సామాన్యులకు మట్టల ఇళ్లే దిక్కుగా నిలిచాయి. ఒమన్‌లోని బాతినా తీరంలోనూ, దుబాయి, అబుధాబి పల్లెలలోనూ మేకు అవసరం లేకుండా ఖర్జూరపు నారతో మట్టలను బిగించి గోడలు, కప్పు అల్లేవారు. కలవారు దుబాయిలో గాలిగోపురాల మేడలు కట్టుకున్నారు. పైనుండి వీచే గాలిని పట్టి గదిలోకి దించే ఆ గోపురాలు నేటికీ అల్ ఫహీదీ పేటలో నిలిచి ఉన్నాయి. ఈ కాలంలో మస్జిదె నబవీ ప్రాంగణంలో సుమారు 250 పెద్ద గొడుగులు పగలు విచ్చుకొని యాత్రికులకు నీడనిస్తున్నాయి. మట్టల పందిరి నుండి గొడుగుల దాకా ఉద్దేశం ఒక్కటే: నమాజు చేసేవాని తల కాలరాదు.

నీడ కట్టేవారికి నీడ ఏది?

నేడు గల్ఫ్‌లో ఈ నీడలను కట్టేవారిలో కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప, గోదావరి జిల్లాల బిడ్డలు ఎందరో ఉన్నారు. మా జమాతులో ఒక పెద్దాయన అక్కడ ఏళ్ల తరబడి పార్కింగ్ షెడ్ల పని చేసి తిరిగి వచ్చారు. ఒకసారి ఆయన మాతో, “హజ్రత్, మేము కార్లకు నీడ కట్టినం. మేము మాత్రం లారీ కిందికి దూరి అన్నం తిన్నం” అన్నారు. ఆ మాట విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు అక్కడ చట్టాలు వచ్చాయి. సౌదీ అరేబియాలో జూన్ 15 నుండి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుండి 3 గంటల దాకా ఎండలో పని నిషిద్ధం. ఎమిరేట్స్‌లో అవే తేదీలలో 12:30 నుండి 3 వరకు. ఖతర్‌లో 2021 నుండి, జూన్ 1 మొదలుకొని సెప్టెంబర్ 15 దాకా, ఉదయం 10 నుండి మధ్యాహ్నం 3:30 వరకు. ఇవి మంచి చట్టాలు. కానీ మనిషి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (స) ఉమ్మతుకు, ఆ చెమట ఎండలో ఎంతసేపు కారాలో చెప్పడానికి చట్టం రావలసి వచ్చింది.

దూరదేశపు యజమానులను తప్పుపట్టడం సులభం. మా సంగతి కూడా చెప్పాలి. గత వేసవిలో మా మసీదు ముంగిట రేకుల షెడ్డు వేయించాము. రమజానుకు కాకపోయినా బక్రీదుకైనా పూర్తి కావాలని పనివారిని తొందరపెట్టినది మేమే. ఒక శుక్రవారం లోపల ఫ్యాను కింద నిలబడి, ప్రళయదినాన అల్లాహ్ నీడ పొందే ఏడుగురిని గురించి ప్రసంగించాము. నమాజు ముగించి బయటికి వచ్చి చూస్తే, షెడ్డుకు వెల్డింగ్ చేస్తున్న కుర్రవాడు నీళ్ల ట్యాంకు పక్కన తల పట్టుకొని కూర్చుని ఉన్నాడు. కాలిన రేకు తగిలి అరచేతులు బొబ్బలెక్కాయి. అతడు ముస్లిమేతరుడు. మేము నీడను గురించి మాట్లాడిన ఆ అరగంటా అతడు మా నెత్తికి నీడ కడుతూ ఎండలో ఉన్నాడు.

సోదరులారా, ఆ రోజు మేము సిగ్గుపడ్డాము. మరునాటి నుండి ఫజ్ర్ తరువాత మొదలుపెట్టి పది గంటలకు పని ఆపించాము, మిగిలినది అస్ర్ తరువాత. కూలి తగ్గించలేదు. షెడ్డు బక్రీదుకు పూర్తి కాలేదు. కమిటీలో ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు. ఆ పండుగనాడు కొందరు ఎండలోనే నమాజు చేశారు. అది న్యాయమైన ఎండ అని మా నమ్మకం.

మిగిలిన మాట

క్రీ.శ. 707 ప్రాంతంలో మసీదు విస్తరణ కొరకు ప్రవక్త (స) సతీమణుల గదులను తొలగించారు. అవి మట్టల మీద మట్టి మెత్తిన గదులు. యువకుడిగా తాను చేయి చాపితే వాటి కప్పు అందేదని హసన్ బస్రీ చెప్పారు. వాటిని అలాగే ఉంచితే, తమ ప్రవక్త ఎంతటితో తృప్తి చెందారో రానున్న తరాలు చూసేవి కదా అని మదీనా పండితుడు సయీద్ బిన్ ముసయ్యిబ్ విచారించారు.

ఆ గదులు ఇప్పుడు లేవు. వాటి పాఠం మన చేతుల్లో ఉంది. ఈ వేసవిలో ఇంటి ముందు పందిరి వేసేవారు రెండు మూరలు వీధి వైపు చాచండి, కూరగాయల బండి ఆగుతుంది. ఇల్లు కట్టించేవారు మధ్యాహ్నం పని ఆపించండి, కూలి కోయకండి. గోడ తగాదా ఉన్నవారు ఈ జుమా నుండే పొరుగింటి తలుపు తట్టండి. మూసా (అలై) మద్యన్‌లో అలసి వచ్చినప్పుడు, ముందు ఇద్దరు స్త్రీల మందకు నీళ్లు తోడి, ఆ తరువాతే నీడకు వెళ్లి ప్రభువును వేడుకున్నారు. ముందు సేవ, తరువాత నీడ.

ఓ అల్లాహ్! మా చేతుల మీదుగా నీ దాసులకు నీడను కల్పించు. మా కొరకు ఎండలో నిలిచినవారి హక్కును మా మెడల మీద మిగల్చకు. నీ నీడ తప్ప మరే నీడా లేని రోజున మాకూ వారికీ నీ అర్ష్ నీడలో చోటు ప్రసాదించు. ఆమీన్.