నగరపు తూర్పు వాకిలి

హైదరాబాదు చరిత్ర అనగానే మన ఊహ చార్మినారు చుట్టూ తిరిగి, గోలకొండ గుట్ట ఎక్కి, అక్కడనే ఆగిపోవడము పరిపాటి. మలక్‌పేట దాటి, దిల్‌సుఖ్‌నగరు, కొత్తపేట, లాల్‌బహదూర్ నగరుల మీదుగా తూర్పునకు సాగే పెద్దబాట వైపు మన చూపు అంతగా మరలదు. దుకాణములు, హాస్టళ్ళు, బస్సుల రొద తప్ప అక్కడ చరిత్ర ఏమున్నదని కొందరు మిత్రులు మమ్ము అడిగినారు. ఈ నగరము చితికిపోయిన ప్రతిసారి మరల ఎట్లు కోలుకొన్నదో తెలియగోరినవారు ఆ బాటనే చూడవలెనని మా అభిప్రాయము.

ఆ బాట చివర మచిలీపట్నము ఉన్నది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదునకు పునాది వేసినప్పుడు, ఆ రాజ్యమునకు సముద్రముతో పొత్తు కలిపినది ఆ రేవే. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను అక్కడ దిగినారు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషు కంపెనీకి ఒక ఫర్మానా ఇచ్చినాడు. ఏటికి 500 వరహాల సుంకము కట్టి, గోలకొండ రాజ్యపు రేవులలో వారు యథేచ్ఛగా వ్యాపారము చేసికొనవచ్చును. ఇంగ్లీషువారు దానిని ‘బంగారు ఫర్మానా’ అని మురిసిపోయినారు. మురిసిపోక ఏమి చేయుదురు! కృష్ణాతీరమున కొల్లూరు గనుల వజ్రములు, చిరివేరుతో ఎర్రరంగు వేసిన అద్దకపు బట్టలు పారసీకమునకు, తూర్పు ద్వీపములకు పోయేవి. ఓడలలో వచ్చిన సుగంధద్రవ్యములు, వెండి ఈ బాటనే పడమరకు సాగి రాజధాని బజారులకు చేరేవి.

సరకు బండ్లమీద, పెరికెద్దుల వీపున సాగే రోజులవి. పగటి ప్రయాణము ముగియగానే మనిషికి నీడ, పశువునకు నీరు కావలెను. అబ్దుల్లా తల్లి హయాత్ బక్షీ బేగము పేర వెలసిన హయత్‌నగరులో ఈ రెండును అమరినవి. అక్కడ మసీదు, దానిని చుట్టి బాటసారుల సరాయి, పక్కనే ‘హాథీ బావి’ అని పిలువబడే పెద్ద దిగుడుబావి నేటికిని కనబడుతవి. సరాయి కట్టినవారు బావిని మరువలేదన్న సంగతి శ్రోతలు గుర్తు పెట్టుకొనవలెను. దానితో మనకు మరల పనిబడుతుంది.

1687లో, ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట, గోలకొండ ఔరంగజేబు వశమైనది. కొలువు చెదరినది. వజ్రములు కొనేవారు, బట్టలు నేయించేవారు కొలువునకు తోడుగా తరలిపోయినారు. మచిలీపట్నపు వైభవము కూడ మెల్లగా మద్రాసు పాలైనది. కోలుకొనుటకు చాలకాలము పట్టినది. 1763లో నిజాం అలీఖాన్ తన రాజధానిని ఔరంగాబాదు నుండి హైదరాబాదునకు మార్చిన తరువాతనే నగరమున మరల కళ వచ్చినది.

ఆ కళ తూర్పు వైపున కూడ సోకినది. నిజాము కొలువులో 1786లో చేరిన ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడి ప్రజలకు ఎంత దగ్గరైనాడంటే, హిందువులు ఆయనను మూసారాము అన్నారు, ముస్లిములు మూసారహీము అన్నారు. 1798లో ఆయన మరణింపగా, మూసీకి దక్షిణమున గుట్టమీద సమాధి కట్టి, రాతి స్తంభము నిలిపినారు. చాలకాలము అక్కడ ఏటేట ఉత్సవము జరిగేది. మెట్రో రైలు స్టేషనులలో ఒకటి నేటికిని మూసారాంబాగు అనే పిలువబడుతున్నది. పరదేశి పేరు అంత ముద్దుగా తెలుగు నోట నానడము అరుదు. ఆ కాలముననే దివాను అరిస్తు జా భార్య పేర సరూర్‌నగరు వెలసినదని చెప్పుదురు. అక్కడి చెరువు అంతకంటె పాతది, కుతుబ్ షాహీల నాటిది.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద కథ శ్రోతలకు క్రొత్త కాదు. మృతులు సుమారు 15,000 మంది అని అంచనా. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద నగరమునకు ఎగువన 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. పెద్దనది పొగరు అణగినది గాని, ఊరి చెరువుల సంగతి అప్పటి ప్రణాళికలకు అంతగా పట్టలేదు.

దిల్‌సుఖ్‌నగరు ఒకప్పుడు పొలమే. దిల్‌సుఖ్ రామ్ పర్షాదు అనే భూస్వామి దానిని ప్లాట్లుగా చేసి అమ్మినాడని చెప్పుకొంటారు. 1966లో తాష్కెంటులో మరణించిన ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి పేరు దాని ముందరి పేటకు వచ్చినది. నల్లగొండ, ఖమ్మము, కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి బస్సు దిగిన చదువరి, చిరు వర్తకుడు, ఉద్యోగి మొదట కాలు మోపినది ఇక్కడనే. వారితో వారి పండుగలు, వారి మాటతీరు వచ్చినవి. 1996లో కొత్తపేటవద్ద అష్టలక్ష్మీ ఆలయమునకు ప్రతిష్ఠ జరిగినది. కొత్త సినిమా విడుదలైన నాటి సందడి, సరూర్‌నగరు చెరువున వినాయక నిమజ్జనము చూడనివాడు ఈ పేటల సంగతి తెలిసినవాడు కాడు.

1986లో మొజంజాహీ మార్కెటునుండి పండ్ల బజారు గడ్డిఅన్నారమునకు వచ్చినది. నల్లగొండ బత్తాయి, వేసవి మామిడి లారీలలో దిగేవి. హమాలీల కేకలు, దళారుల వేలముపాట, గడ్డి పరచిన పెట్టెలు, తెల్లవారకముందే తోపుడుబండ్లతో వచ్చే చిల్లర వర్తకులు — వెనుకటి సరాయి మరియొక రూపమున వచ్చినదా అని తోచేది.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రము దిల్‌సుఖ్‌నగరు బస్సుస్టాపుల వద్ద రెండు బాంబులు పేలినవి. 18 మంది ప్రాణములు పోయినవి. అందులో చదువుకొనవచ్చిన పిల్లలున్నారు. ఎన్ని పల్లెలలో ఆ రాత్రి దీపము ఆర్పక టెలిఫోను దగ్గర కూర్చున్నారో ఎవరు లెక్కింపగలరు? అయినను కొట్టు మూసికొని ఊరికి పోదామన్నవారికంటె, మరునాటికి తలుపు తీసినవారే ఎక్కువ. అది ధైర్యమా, బ్రతుకు తప్పనితనమా అన్నది మేము తేల్చలేము. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేటనుండి ఎల్.బి.నగరు వరకు మెట్రో రైలు నడచినది. తూర్పు బాటమీద రాకపోకలు ఇంకను పెరిగినవి.

ఇంతలో నీరు తన లెక్క అడిగినది. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో నగరమునకు తూర్పున కొన్ని చోట్ల 30 సెంటీమీటర్లకు మించి వాన కురిసినది. బైరామల్‌గూడ మొదలైన చెరువులు పొంగి సరూర్‌నగరు పల్లమున పడినవి. కాలనీలలో ఇండ్లు దినముల తరబడి నీటిలో నిలిచినవి. వెనుకటి రోజులలో ఒక చెరువు అలుగు పారి మరియొక చెరువులో చేరేది. ఆ కాలువలమీద ఇండ్లు లేచినవి. ఇండ్లు కట్టుకొన్నవారు దురాశాపరులు కారు, బాకీ తెచ్చి వంద గజములు కొనుక్కొన్న సంసారులు. కాగితము మీద ప్లాటు గీచినవారికి అలుగు ఎక్కడ పారేదో తెలియకపోలేదు. 2015లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన 17 లక్ష్యములలో నగరముల మనుగడ గూర్చినది పదకొండవది. హయాత్ బక్షీ బేగమునకు ఆ పట్టిక లేదు, బావి ఉన్నది. నాగోలువద్ద దినమునకు 17 కోట్ల లీటర్లకు పైగా మురుగును శుద్ధిచేసి మూసీకి విడిచే కేంద్రము కట్టినారు. అది మెచ్చదగిన పని. అలుగు కాలువలు మాత్రము అప్పటికి అడుగుననే ఉండిపోయినవి.

పండ్ల బజారునకు కూడ ఆ సంవత్సరమే కష్టము వచ్చినది. కోవిడ్ కాలమున దానిని తాత్కాలికముగ కొహెడకు మార్చగా, మే నెలలో గాలివానకు రేకుల షెడ్లు కూలి పలువురు గాయపడినారు. బజారు తిరిగి గడ్డిఅన్నారమునకు వచ్చినది. అటుపిమ్మట 2021–22లో ఆ స్థలము పెద్ద ఆసుపత్రికి కేటాయింపబడి, బజారు బాటసింగారమునకు తరలినది. ఆసుపత్రి అవసరమే. కాని మలక్‌పేటలో తోపుడుబండి నడుపు ముసలమ్మకు, వేకువన బాటసింగారము వెళ్ళి రెండు పెట్టెలు తెచ్చుకొనుటకు ఆటోకిరాయి లాభమంతయు మ్రింగునని ఎవరైన లెక్కగట్టినారా?

ఒక వేసవి వేకువను శబ్దగ్రాహక యంత్రము పట్టుకొని మేము బాటసింగారము పోయినాము. హయత్‌నగరు దాటి, అదే పాత మచిలీపట్నపు బాటమీద, మరికొన్ని మైళ్ళు. మామిడి లారీలు వరుసగా నిలిచియున్నవి. వేలము మొదలుకాలేదు. ఒక హమాలీ లారీ నీడన కూర్చుండి, ఇచట త్రాగునీరు ఎక్కడ దొరకునని మమ్ము అడిగినాడు.