ఊరి పేరు కొట్లాట అయిన కథ

ఇరవై ఏళ్ల కిందటి మాట. పత్రిక డెస్కులో రాత్రి డ్యూటీ. ఏదో దేశపు చట్టసభలో సభ్యులు ఒకరినొకరు తిట్టుకున్న వార్త ఇంగ్లీషులో వచ్చింది. అందులో 'డానీబ్రూక్' అన్న మాట తగిలింది. నిఘంటువు తీస్తే 'గలాటా, నలుగురిలో జరిగే పెద్ద తగవు' అని ఉంది. 'రభస' అని రాసి వార్త పంపేశాను. కానీ ఆ అర్థం కిందే 'ఐర్లండులో ఒక ఊరి పేరు' అని కూడా ఉంది. అది నన్ను వదల్లేదు. ఒక ఊరి పేరు కొట్లాటకు పర్యాయపదం ఎట్లా అయింది?

డానీబ్రూక్ ఇవాళ డబ్లిన్ నగరంలో కలిసిపోయిన పేట. ఐరిష్ భాషలో ఆ పేరుకు సెయింట్ బ్రొక్ పేర వెలసిన చర్చి అని అర్థం. మన దగ్గర దర్గా పేరు పెట్టుకున్న ఊరి లాంటిదన్నమాట. అక్కడ సంత జరుపుకోవడానికి 1204లో ఇంగ్లండు రాజు జాన్ అనుమతి ఇచ్చాడు. ఆరున్నర శతాబ్దాలు ఆ సంత సాగింది. మొదట్లో గుర్రాలు, పశువులు, సరుకుల బేరాలు. 19వ శతాబ్దం వచ్చేసరికి బేరాలు తగ్గి డేరాలు, పాటలు, ఆటలు, తాగుడు మిగిలాయి. తాగినవాళ్లు కర్రలతో తలలు పగలగొట్టుకున్న మాట నిజమే. దాన్ని కాదనను.

అయితే జాతర అన్నాక తన్నులాటలు ఏ దేశంలో లేవు? ఇంగ్లండు సంతల్లో లేవా? ఇక్కడ చూడాల్సింది కాలాన్ని. 1801లో ఐర్లండును బ్రిటన్‌లో కలిపేశారు. మెజారిటీ ప్రజలైన కాథలిక్కులు 1829 దాకా లండన్ పార్లమెంటులో కూచునే వీల్లేదు. లండన్ 'పంచ్' పత్రిక కార్టూన్లలో ఐరిష్ వాడికి కోతి ముఖం గీసేవాళ్లు. ఏలేవాడి కంటికి ఏలబడేవాడు ఎప్పుడూ తాగుబోతూ, కొట్లాటకోరే. ఆ కంటికి డానీబ్రూక్ చక్కటి రుజువుగా దొరికింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సంతను మూయించింది ఇంగ్లీషువాళ్లు మాత్రమే కాదు. డబ్లిన్ పెద్దమనుషులు, కాథలిక్ మతగురువులు, తాగుడు మాన్పించే ఉద్యమకారులు తమవాళ్ల పరువు పోతోందని సిగ్గుపడ్డారు. చందాలు పోగేసి, సంత జరిపే హక్కును 3,000 పౌండ్లకు కొని, 1855లో దాన్ని ఎత్తేశారు. పేదల ఏటేటి పండుగ పోయింది. పరువు మాత్రం దక్కలేదు. సరిగ్గా ఆ శతాబ్దం మధ్యలోనే డానీబ్రూక్ అంటే కొట్లాట అనే వాడుక ఇంగ్లీషులో స్థిరపడింది. సంత పోయినా మాట ఉండిపోయింది.

ఇది చదివినప్పుడు నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. ఓసారి మా అబ్బాజాన్ ఉర్దూ పత్రిక పైకి చదువుతూ 'వరద బాధితులకు రజాకార్లు అన్నం పంచారు' అన్నారు. పక్కనున్న నా తెలుగు మిత్రుడు ఉలిక్కిపడ్డాడు. ఉర్దూలో రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడు, అంతే. తెలుగులో ఆ మాటకు 1947-48 నాటి నెత్తురు అంటింది. అది ఊరికే అంటలేదు. కాసిం రజ్వీ మూకలు తెలంగాణ పల్లెల్లో చేసిన ఘోరాలు నిజం. వాటిని తలుచుకోవడం తప్పు కాదు. కానీ ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు పుట్టిన ముస్లిం పిల్లవాణ్ణి ఆ మాటతో పిలిస్తే అది చరిత్ర కాదు, ముద్ర.

'ఫత్వా' సంగతీ ఇంతే. అడిగినవాళ్లకు ముఫ్తీ చెప్పే ధర్మాభిప్రాయం అది. మన పత్రికల్లో ఏ నాయకుడు ఆంక్ష పెట్టినా 'ఫత్వా జారీ' అవుతుంది. ఇతరులను అనడమెందుకు? ఆ శీర్షికలు నేనూ పెట్టాను. పొట్టి మాట, కాలమ్‌లో ఇముడుతుంది. నా మాటను నా చేత్తోనే బోనులో నిలబెట్టానని అప్పుడు తోచలేదు. సంతను మూసేసిన డబ్లిన్ పెద్దమనుషులకూ తాము చేస్తున్నదేమిటో తోచి ఉండదు.

ఇప్పుడు నా ముందుకు అట్లాంటి 'ఫత్వా' వస్తే కొట్టేసి 'హుకుం' అని రాస్తున్నాను. అదీ ఉర్దూ నుంచి వచ్చిందే. అయినా తెలుగులో దాన్ని చదివినవాళ్లెవరూ చెప్పినవాడి మతమేమిటని అడగరు.