నాటకమున మూడవ రిచర్డు

ఇంగ్లండు నేలిన మూడవ రిచర్డు 1452 వ సంవత్సరమున జన్మించి, 1483 లో రాజై, 1485 ఆగస్టు 22 వ తేదీన బాస్వర్తు యుద్ధమున మడిసెను. ఆతని పాలనము ఇంచుమించుగ రెండేండ్లు. అయినను షేక్స్పియరు నాటకమువలన లోక మాతనిని గూనివాఁడనియు, ఎండిన చేయి గలవాఁడనియు, బంధుఘాతకుఁడనియు నెఱుఁగును.

ఇందు సత్య మెంత? 1455 నాటి సెంటు ఆల్బన్సు యుద్ధమున రిచర్డు సోమర్సెటు ప్రభువును జంపినట్లు ఆఱవ హెన్రీ నాటకపు రెండవ భాగమునఁ గలదు. అప్పటి కాతనికి మూఁడేండ్లైనను నిండలేదు. అన్నయగు క్లారెన్సు మరణమునకు రిచర్డు పన్నిన కుట్రయే కారణమని నాటకము చెప్పును. 1478 లో రాజద్రోహనేరముపై క్లారెన్సును శిక్షించినవాఁడు నాల్గవ ఎడ్వర్డు రాజు. అనేకుల కార్యముల నొక్కని సంకల్పమునకు ముడివెట్టుట నాటకధర్మము. మఱియు కవికాలమున నేలుచుండిన ఎలిజబెత్తు రాణి, రిచర్డును గెలిచిన యేడవ హెన్రీకి మనుమరాలు.

అట్లని నాటకమున నున్నదెల్ల కల్ల కాదు. 2012 లో లెస్టరు నగరమున బయల్పడిన రిచర్డుయొక్క యస్థిపంజరమును బరీక్షింపఁగా, వెన్నెముక ప్రక్కకు వంగియున్నట్లు తేలెను. గూనును, ఎండిన చేయియు మాత్రము కల్పితములు. లండను టవరున నదృశ్యులైన యన్నకుమారుల గతి నేఁటికిని నిర్ధారణ కాలేదు. కావున రిచర్డు నిర్దోషి యనుటయు సాహసమే. 1484 నాటి పార్లమెంటున జామీను పద్ధతిని సంస్కరించిన రాజు నాటకమునఁ గానరాఁడు. ఆతనిని జూపుట చరిత్రకారుని విధి.