బౌల్డర్‌లో నీళ్ళ గీత

ఊరు పెరక్కుండా ఆపాలంటే ఏం చేస్తారు? చుట్టూ గోడ కడతారా? కొలరాడోలోని బౌల్డర్ వాళ్ళు కుళాయి కట్టేశారు!

అది యూనివర్సిటీ ఊరు, వెనకే రాకీ పర్వతాలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ళు కొండెక్కడం మొదలయ్యింది. అక్కడి ప్రొఫెసర్లు ఇద్దరు, ఫిజిక్స్ చెప్పే ఆల్ బార్ట్‌లెట్, లెక్కలు చెప్పే రాబర్ట్ మెక్‌కెల్వీ, ఒక ఉపాయం ఆలోచించారు: 5,750 అడుగుల ఎత్తు దాటితే ఊరి నీళ్ళు ఇవ్వకూడదు. 1959లో జనం ఓటేసి సరేనన్నారు. దాని పేరే బ్లూ లైన్. 1967లో చుట్టుపక్కల ఖాళీ భూములు కొనడానికి తమ మీద తామే సేల్స్ టాక్స్ వేసుకున్నారు. 1971లో 55 అడుగులు మించి బిల్డింగులు కట్టొద్దన్నారు.

కొండలు మిగిలాయి, సంతోషమే. కానీ లెక్క చూడండి. ఊరు పక్కలకి పెరగదు, పైకీ పెరగదు. ఉద్యోగాలు, స్టూడెంట్లు మాత్రం పెరుగుతూనే ఉన్నారు. ఇక ఇళ్ళ రేట్లు పెరగక ఏం చేస్తాయి?

పోనీ ఉన్న ఇంట్లోనే సర్దుకుందామంటే, చాలా వీధుల్లో చుట్టరికం లేనివాళ్ళు ముగ్గురికి మించి కలిసి ఉండకూడదని రూలు ఉండేది. మన కుర్రాళ్ళు ఐదుగురు కలిసి అద్దెకి దిగే పద్ధతి అక్కడ చెల్లేది కాదన్నమాట. 2023లో దాన్ని ఐదుకి పెంచారు. 2024లో రాష్ట్ర చట్టమే ఇలాంటి చుట్టరికం రూళ్ళని కొట్టేసింది.

బౌల్డర్లో పని చేసేవాళ్ళు చాలామంది ఇప్పటికీ లాంగ్‌మాంట్, లఫాయెట్‌ల నుంచి రోజూ కార్లలో వస్తారు. గీత గీసినవాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. కాకపోతే గీసేటప్పటికే వాళ్ళు లోపల ఉన్నారు. ఓటూ లోపలున్న వాళ్ళకే ఉంది.