నీరు పల్లమెరుగు

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అన్నారు పెద్దలు. ఈ సామెత మొదటి సగాన్ని నేను సుంకేసుల గట్టు మీద విద్యార్థులకు పాఠంగా చెప్పాను.

తుంగభద్ర నీరు అక్కణ్ణించి కర్నూలు–కడప కాలువలో సుమారు 300 కిలోమీటర్లు పోతుంది. దాన్ని తోసే యంత్రం లేదు. భూమి లాగుతుంది, వాలు దారి చూపుతుంది. మనం మొక్కినా అది మిట్ట ఎక్కదు. మొక్కకపోయినా పల్లానికి పారక మానదు.

పండును నేలకు లాగే బలమే గ్రహాలనూ నడుపుతోందని 1687లో న్యూటన్ చూపాడు. భూమి ఎప్పుడూ సూర్యుడివైపు పడుతూనే ఉంది; పక్కకు సాగే వేగం ఉండబట్టి చుట్టూ తిరుగుతోంది. ఆకాశానికొక న్యాయం, కాలువకొక న్యాయం లేవు. గ్రహాలే నియమానికి కట్టుబడి తిరుగుతుంటే మన కరువులను వాటి కోపానికి అంటగట్టడమెందుకు?

కరువు కారణాలు నేలమీదే వెతకాలి. 1860లలో ఈ కాలువను తవ్వింది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. పది లక్షల పౌన్ల మూలధనంపై ఏటా నూటికి 5 చొప్పున వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. పొలానికి నీరు అందినా అందకపోయినా వాటాదారుకు వడ్డీ అందింది. 1876–78 ధాత కరువులో ఈ రెండు జిల్లాల జనం ఆకలితో రాలిపోయారు. 1882లో ప్రభుత్వం కాలువను కొన్నది. ఆ ఖజానా నింపింది శిస్తు కట్టిన రైతే.

భూమ్యాకర్షణకు కులం లేదు, పట్టా లేదు. తూము తాళంచెవికి మాత్రం యజమాని ఉన్నాడు. కనుక సామెత రెండో సగాన్ని దేవుడికి వదలలేం. ఆ నిజం మనమే ఎరగాలి.